మత్తు దిగని ఎద్దు

పశువుల డాక్టరు ఘనీ సాహెబు భూమయ్య ఎద్దును చంపాడు. ఇందులో భూమయ్యకు రెండో ఆలోచన లేదు. పొద్దు తూర్పున పొడుస్తుందంటే ఎవరూ సాక్ష్యం అడగరు. ఇదీ అంతే.

ఇంతవరకు నడిచిన కథ పెద్దది కాదు. ఎల్లారెడ్డి నుంచి పోచారం పోయే దారిలో ఒక పల్లె. ఆ పల్లెలో భూమయ్య. భార్య రామవ్వ కాపురానికి వస్తూ అరణంగా తెచ్చుకున్న ఆవు సంతతిలో చివరికి మిగిలింది తెల్లోడనే ఎద్దు ఒక్కటే. రామవ్వ కడుపులో గడ్డ లేచి పోయిన ఏడు జ్యేష్ఠంలో పోయింది. ఈ ఏడు తెల్లోడికి కొమ్ము లోపల పుండు పుట్టింది. తల ఒక పక్కకు వాల్చి, ముక్కులోంచి చీము కారుస్తూ, కొట్టం గోడకు కొమ్ము రాసుకుంటూ అది మూలిగేది. వాతలు పెట్టారు. కిరసనాయిలు పోశారు. మూలుగు పెరిగింది తప్ప తగ్గలేదు.

చివరికి భూమయ్య కామారెడ్డి నుంచి వచ్చే డాక్టరును పిలిచాడు. ఘనీ సాహెబు మత్తుమందు నీళ్లలో కలిపి వెదురు గొట్టంతో తాపాడు. ఎద్దు ఒరిగాక కొమ్ము మొదట్లో సూదిమందు ఇచ్చి రంపంతో కొమ్ము కోశాడు. ఎద్దు అరవలేదు. కాలు విదల్చలేదు. ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. కట్టు కట్టి, దాన్ని రొమ్ము మీద కూర్చున్నట్టు ఉంచి రెండు పక్కల బస్తాలు పెట్టించి, పక్కకు ఒరగనీయొద్దని, తెల్లారేదాకా కదిలించొద్దని చెప్పాడు. ఇంతలో పిట్లం దిక్కు పశువులకు పెద్దరోగం తగిలిందని కబురొస్తే సైకిలెక్కి పోయాడు.

ఎద్దు లేవలేదు. పొద్దు వాలేసరికి చెవులు బండలా చల్లబడ్డాయి. కంటి మీద ఈగ వాలి అటూ ఇటూ నడిచింది. రెప్ప పడలేదు.

చచ్చిన పశువు కొట్టంలో ఉంటే ఆ ఇంట పొయ్యి రాజేయరు. దీపం పెట్టే వేళలోపు అది గడప దాటాలి. ఊళ్లో చచ్చిన పశువు సాయిలుది. అది అతని ఇంటి హక్కు, తాతల నాటి నుంచి వస్తున్నది. కబురు పెట్టారు. సాయిలు తన వాళ్లతో వచ్చి తెల్లోడి కాళ్లకు తాడు వేసి, బండి మీదికెక్కించి, ఊరి బయట తోళ్లు తీసే బొక్కలగడ్డకు తీసుకుపోయాడు. భూమయ్య చూస్తూ నిలబడ్డాడు. పోయిన భాగం అక్కడ ఆగింది.

ఇవాళ ఎల్లారెడ్డి అంగడి. అంగడికి ఘనీ సాహెబు వస్తాడు.

"మరిదీ, పోయిన ఎద్దు పోయింది. సర్కారు మనిషితోని పంచాయితీ ఎందుకు?" అంది నర్సవ్వ, చెంబుతో నీళ్లిస్తూ. రామవ్వకు అక్క ఆమె. మొగుడు లేడు. చెల్లెలు పోయాక ఈ ఇంట్లో దీపం పెట్టడానికి వచ్చి ఉండిపోయింది.

"సర్కారు మనిషైతే చంపచ్చునా?"

"చంపాల్నని చంపిండా?"

"చంపాల్నని చంపినా, చంపొద్దని చంపినా తోలు ఒక్క తీర్గనే ఊడుతది వదినె."

ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "నేనిచ్చిన గోలీ సంగతి మాత్రం చెప్పకు. నన్ను సుత గుంజుతరు."

"గోలీ సంగతి ఎవడడుగుతడు? అదొక ముచ్చటనా?"

నిజంగానే అది ముచ్చట కాదు. నర్సవ్వ రొండిలో రేకు డబ్బా ఉంటుంది. అందులో నల్లమందు. పళ్లొచ్చే పిల్లకు ఆవగింజంత, మోకాళ్లు పట్టిన ముసలివాడికి కందిగింజంత, వాత పెట్టే ఎద్దుకు రేగుపండంత. ఉప్పూ చింతపండూ ఎట్లాగో ఆ ఇళ్లల్లో అదీ అట్లాగే. రామవ్వకు చివరి రోజుల్లో ఆ డబ్బాలోంచే ఇచ్చారు. తెల్లోడికి కొమ్ము కోసిన రోజు పొద్దున కూడా ఆ డబ్బాలోంచే.

భూమయ్య చెప్పులేసుకుని బయలుదేరాడు.

*

అంగడిలో పశువులు కట్టే జాగ పక్కన రేకుల పందిరి. దాని కింద ఘనీ సాహెబు ఒక బర్రె కాలు ఎత్తిపట్టి గిట్టలో పురుగులు తీస్తున్నాడు. చొక్కా చేతులు మోచేతులపైకి మడిచి ఉన్నాయి. నెరిసిన మీసం మీద చెమట. కామారెడ్డిలోనే పుట్టి పెరిగిన మనిషి. రైతులతో రైతు మాటే మాట్లాడతాడు.

"రా భూమయ్య పటేల్. నేనే వద్దామనుకున్న. ఇయ్యాల కట్టు విప్పాలె."

"ఏ కట్టు?"

"తెల్లోని కొమ్ము కట్టు."

"బొక్కలగడ్డకు పోయి విప్పుకోండ్రి."

డాక్టరు బర్రె కాలు కిందికి వదిలాడు. "ఏమన్నవు?"

"మీ మందుకు నా ఎద్దు చచ్చింది. మీరు సైకిలెక్కి పోయిన్రు, అది మల్ల లేవలే."

చుట్టూ ఉన్నవాళ్లు బేరాలు ఆపారు. మేకను చంకలో పెట్టుకున్న ఒకడు పక్కవాడితో అన్నాడు, అందరికీ వినబడేట్టు: "సాబ్ మందు గట్టిదే. తాగితే అరుపుండది. లేచుడు సుత ఉండది."

నవ్వారు. డాక్టరు నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. బకెట్లో చేతులు కడుక్కున్నాడు. అది భూమయ్యకు ఇంకా కష్టంగా తోచింది. తిట్టే మనిషి అయితే తిట్టొచ్చు.

"ఎప్పుడు చూసినవు చచ్చిందని?"

"దీపం పెట్టే యాల్లకు."

"తెల్లారేదాక ఆగుమన్న గద నేను."

"చచ్చినదాన్ని కొట్టంల పెట్టుకొని పొయ్యి ఎట్ల ముట్టిస్తం? మీదేం పోయింది, చెప్పి పోతరు."

"చచ్చిందని ఎట్ల తెలిసింది?"

"చెవులు సల్లబడ్డయ్. కంట్ల గడ్డిపోస పెట్టిన, రెప్ప కొట్టలే. ముక్కు కాడ చెయ్యి పెడితే ఊపిరి తగల్లే. ఇంకెట్ల తెల్వాలె?"

"కోసేటప్పుడు సుత రెప్ప కొట్టలే. నువ్వే పక్కన కూసోని చూసినవు. గదే మందు చేసే పని." డాక్టరు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "కడుపుబ్బిందా?"

"లేదు."

"పక్కకొరిగిందా?"

"మీరు చెప్పినట్టే బస్తాలు పెట్టిన."

"తాడేసేటప్పుడు కాళ్లు బిగుసుకున్నయా?"

సాయిలు తాడు వేస్తుంటే వెనక కాలు మడత పడింది. ఆ మడత పడటం ఇప్పుడు కళ్ల ముందుకు వచ్చింది. అప్పుడు దాన్ని చూశాడు గాని పట్టించుకోలేదు.

"మెత్తగనే ఉండె," అన్నాడు.

మేకవాడు మేకను కిందికి దించాడు.

"ఇప్పుడే చచ్చినదానికి సుత మెత్తగనే ఉంటది. గా ఒక్క మాటతోని ఏం తేలదు," అన్నాడు డాక్టరు. "కాని నేను పోసిన కొలతకు తెల్లోడంత ఎద్దు పొద్దుమీకి తల ఎత్తాలె. కొంచెం ఆలస్యమైతదేమోనని తెల్లారేదాక అన్న. గంత నిద్ర పోయేది కాదు. నేను రాకముందు ఏమన్న పెట్టినవా దానికి?"

"అడిగిన్రు గద ఆ పొద్దే. గడ్డి పెట్టలే, నీళ్లు పెట్టలే. చెప్పిన గద."

"గడ్డి నీళ్లు కాక?"

భూమయ్యకు నర్సవ్వ మాట గుర్తొచ్చింది. కాని అబద్ధమాడే అవసరం అతనికి కనబడలేదు. తను తప్పు చేయలేదు. తప్పు చేయనివాడు దాచడు.

"నల్లమందు."

"ఎంత?"

"ఎడ్లకు పెట్టేటంత. బెల్లంల పెట్టి తినిపించిన. వాత పెట్టేముందు అందరం పెడ్తం."

ఔనన్నట్టు చుట్టూ తలలు ఊగాయి. పెట్టనివాడు ఎవడు?

డాక్టరు పక్కనున్న చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. "నాకెందుకు చెప్పలే?"

"మందు పెట్టినవా అని మీరడగలే. అడిగినా నల్లమందు మందు లెక్కనా?"

"ఇంట్ల సామానది సాబ్," అన్నాడు మేకవాడు, ఈసారి ఎగతాళి లేకుండా.

"మీ మందు పనిచేస్తదో లేదో నాకేం ఎరుక?" అన్నాడు భూమయ్య. "పనిచేయకపోతే అది అరుస్తది. మీరు కోసి పోతరు. వినేటోన్ని నేను."

రామవ్వ అరుపులు అతను ఒక వానకాలమంతా, ఒక చలికాలమంతా, ఒక ఎండకాలమంతా విన్నాడు. పొలంలో ఉన్నా వినబడేవి. ఆమె నోరు మూసుకుని పడుకున్న రోజున కూడా వినబడేవి. ఇక ఇంకో ప్రాణం అరవడం తన కొట్టంలో వినకూడదని అనుకున్నాడు. అది నేరమైతే నేరమే.

"నాది సుత తప్పున్నది," అన్నాడు ఘనీ సాహెబు. "గడ్డి గురించే అడిగిన. నల్లమందు గురించి అడగాలె. ఈ ఊర్లల్ల తిరిగేటోన్ని, నాకు తెల్వాలె. ఆ రెండూ కలిస్తే ఊపిరి అడుగంటుతది భూమయ్య. చేతికి తెల్వనంత. ఒళ్లు చల్లబడతది. చచ్చినట్టే ఉంటది."

"ఉంటదా, చస్తదా?"

"చావచ్చు. చావకపోనూ వచ్చు."

"నడిమిట్ల మాటలొద్దు సాబ్."

"నడిమిట్ల మాటే ఉన్నది నా దగ్గర. కోసినోన్ని అడగాలె. కత్తి పెట్టినప్పుడు రక్తం ఎట్లొచ్చిందో వానికి తెలుస్తది. పారిందా, గడ్డకట్టి ఉన్నదా."

భూమయ్య వచ్చింది డాక్టరు నోట ఒక్క మాట అనిపించడానికి: నేను చంపిన. ఆ మాట అందరి ముందు పడితే చాలు, ఇంటికి పోయి అన్నం తినొచ్చు. ఇప్పుడా మాట చేతికి అందినట్టే అంది దూరం జరిగింది. ఎద్దు కొట్టంలోనే చచ్చి ఉంటే చంపింది డాక్టరు. కత్తి కిందికి పోయేదాకా బతికి ఉంటే, "తీసుకపో" అన్నది ఎవరు? ఆ మాట అన్న నోరు ఎవరిది?

"సాయిలు ఏడున్నడు?" అని అరిచాడు అంగడి వైపు తిరిగి.

*

సాయిలు దూరంలో లేడు. చెప్పులు కుప్పగా పోసుకుని అంగడి చివర కూర్చున్నాడు. పిలుపు వినబడ్డా లేవలేదు. ఇద్దరు పోయి వెంట తెచ్చారు. పొడుగు మనిషి. నడుం కొద్దిగా వంగింది. ఊళ్లో పెళ్లికీ చావుకూ డప్పు అతనిదే. పందిరి బయటే ఆగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా ఎద్దును కోసినప్పుడు రక్తం పారిందా?" అన్నాడు భూమయ్య.

సాయిలు డాక్టరు వైపు చూశాడు. నేల వైపు చూశాడు.

"నిన్నే."

"కోయలే పటేలా."

"ఏంది?"

"కోయలే."

"తోలేది మరి?"

"దాని మీదనే ఉన్నది."

ఒక్కసారి అందరూ మాట్లాడారు. చచ్చిన ఎద్దు గడ్డి తింటున్నదా అని ఒకడు అడిగాడు. తింటున్నదని, కుడితి కూడా తాగుతున్నదని సాయిలు వాడికే జవాబిచ్చాడు, భూమయ్యకు కాదు.

"బతికుంటే తోలుకరావా?" భూమయ్య గొంతు పైకి లేవలేదు. లేచి ఉంటే సాయిలు అంత భయపడేవాడు కాదు.

"మనూరి పోలీసు పటేలుకు చెప్పిన. బొక్కలగడ్డ దాక పోయిన పశువు ఊళ్లెకు మర్లి వస్తే పెద్దరోగం ఎంబడొస్తదన్నడు. పిట్లం దిక్కు ఎట్లున్నదో చూసినవు గద అన్నడు. నోరు మూసుకోమన్నడు. నేనేం చేయాలె? మీ ముంగటికి వస్తే దొంగతనం అంటరు. రాకపోతే గిట్ల." చేతిలోని తలగుడ్డను చుట్ట చుట్టాడు. "నేను సుత ఎవ్వలకు చెప్పుకోవాలె పటేలా? ఎద్దు ఉన్నదని నాకు సంబురమా? అరక కడితే కాళ్లిరగ్గొడతరు. కోస్తె పాపం. మేపుతున్న."

మేకవాడు తల ఊపాడు. "చచ్చినా బతికినా సాయిలుకే గండం."

ఘనీ సాహెబు అప్పటికే పెట్టె మూసి సైకిలుకు కడుతున్నాడు. "పద. చూద్దాం," అన్నాడు.

*

ముగ్గురూ నడిచారు. డాక్టరు సైకిలు తోసుకుంటూ వచ్చాడు. దారి పక్కన మక్కచేన్లు మోకాలెత్తు లేచి ఉన్నాయి. ఎవరి చేను ఎట్లా ఉందో చూడకుండా భూమయ్య ఆ దారిన నడవడం అదే మొదటిసారి. బతికి ఉన్నదన్న మాట విన్నాక మనిషి సంతోషపడాలి. తను సంతోషపడటం లేదని అతనికి తెలుస్తున్నది. ఎందుకు పడటం లేదో ఇంకా తెలియడం లేదు.

సాయిలు ఇల్లు ఊరికి దక్షిణాన, అందరి ఇళ్లకూ అవతల. వెనక పందికొక్కులు తవ్విన మట్టికట్ట, కట్టకు ఆనించి తాటాకుల పాక. దాని కింద తెల్లోడు నిలబడి నెమరు వేస్తున్నాడు. ఒక పక్క కొమ్ము లేదు. కట్టు మురికి పట్టింది గాని ఊడలేదు. చీము కారడం ఆగింది. తల నిటారుగా ఉంది. ఎన్నాళ్లకు అట్లా ఉండటం.

డాక్టరు దగ్గరికి పోయి కట్టు విప్పాడు. వేలితో చుట్టూ నొక్కి చూశాడు. "మానుతున్నది," అన్నాడు. దాచుకోవాలని చూసినా గొంతులో సంతోషం దాగలేదు. "నొప్పి లేదు చూడు. తల విదిలిస్తలేదు."

భూమయ్య పాక గుంజ దగ్గరే ఆగాడు. ఎద్దు అతని వాసన పట్టి మెడ చాపింది. అతను ముందుకు పోలేదు.

"బతికున్నదని ఎట్ల తెలిసింది నీకు?" అని డాక్టరు సాయిలును అడిగాడు. "నాకే తెల్వకపోతుండె."

సాయిలు సిగ్గుపడ్డాడు. "తెలివి కాదు సాబ్. కత్తి నూరుకున్న. కూసున్న. ఈ ఎద్దు నాకు ఎరుకైన ఎద్దు. దీని మెడ పలుపు నేనే అల్లిన. మనుషులు పోతే దింపుడు కళ్లం కాడ పిలుస్తరు గద. దీన్ని ఎవ్వలు పిలువలేదాయె అనిపించింది. చెవుల నోరు పెట్టి పిలిచిన. తెల్లోడా, తెల్లోడా అని. నవ్వకుండ్రి సాబ్."

"నవ్వుతలేను."

"మూడోపాలి పిలిస్తె చెవి కొట్టింది. ఈగను కొట్టినట్టు. కత్తి ఆడనే పడేసిన. గోనెసంచులు కప్పి, ఒళ్లంత రుద్దుకుంట కూసున్నం నేను, నా పెండ్లాం. కోడి కూసినంక లేచింది."

డాక్టరు ఎద్దు చెవి పట్టుకుని నిమిరాడు. "గంతే. వినికిడి ఆఖర్ల పోతది, ముందుగాల మర్లొస్తది. మనిషికైనా గంతే," అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తాను అనుకున్నట్టు.

భూమయ్య గుంజను చేత్తో పట్టుకున్నాడు.

"మనిషికా?"

"ఆఁ."

"ఆ తాపిన మందు మనుషులకు సుత ఇస్తరా సాబ్?"

"ఇస్తరు. నిద్ర పట్టనోల్లకు, నొప్పికి తాళలేనోల్లకు. కొంచెం కొంచెం."

"గొంతు మండుతదా? కుళ్లిన పండు వాసన ఉంటదా?"

"నీకెట్ల తెలుసు?"

"మా ఇంటిదానికి గడ్డ లేచినప్పుడు కామారెడ్డి రైలు స్టేషను అవతలి డాక్టరు ఇచ్చిండు," అన్నాడు భూమయ్య. గడ్డకు మందు లేదు, నిద్రకు ఉంది అన్నాడు ఆ డాక్టరు. సీసాలో పోసి ఇచ్చాడు. రామవ్వ గొంతు మండుతుందని మొహం తిప్పుకునేది. ఆ చివరి రోజు మందు తాగాక కూడా అరుపు ఆగలేదు. నర్సవ్వ చూడలేక రొండిలోంచి డబ్బా తీసి గోలీ ఇచ్చింది. కందిగింజంత కాదు, అంతకు పెద్దది. అరుపు ఆగింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మధ్యాహ్నం దాటాక చూస్తే చేతులు చల్లబడ్డాయి. ముక్కు దగ్గర దూది పెట్టారు. దూది కదల్లేదు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. వాన రాకముందే మట్టి వేయాలన్నారు పెద్దలు. దీపం పెట్టే వేళలోపు గడప దాటాలన్నారు. తీసుకుపోయారు.

ఈ ఎద్దుకు కలిసినవే అక్కడా కలిశాయి. కొట్టంలో డాక్టరు సీసా మూత తీసిన రోజే ఆ వాసన భూమయ్య ముక్కుకు తెలిసింది. మనసుకు ఇప్పుడు తెలిసింది.

దారిలో పాడె దింపారు. దగ్గరివాళ్లు చెవిలో పేరు పెట్టి పిలిచే చోటు అది, ప్రాణం ఎక్కడన్నా ఉంటే పలుకుతుందని. మొగుడు పెళ్లాం పేరు తీయడు. అందుకని భూమయ్య పిలవలేదు. తమ్ముడి కొడుకు పిలిచాడు. మూడుసార్లూ గబగబా, ఉరుముకు భయపడుతూ, చెవిలో కాదు, పైనుంచి. తర్వాత సాయిలు డప్పు మళ్లీ మోగింది.

భూమయ్య తల ఎత్తేసరికి సాయిలు తననే చూస్తున్నాడు. ఆ చూపును బట్టి తను ఏ ఆలోచన దారిన నడిచి వచ్చాడో సాయిలు కూడా ఆ దారినే వచ్చాడని తెలిసింది. అతను ఇవాళ రాలేదు. ఎద్దు చెవి కొట్టిన నాడే వచ్చి, అక్కడే ఆగి ఉన్నాడు.

"పటేలా," అన్నాడు సాయిలు. "నేను చెప్పాల్నా వద్దా అని ఎద్దు లేచిన కాంచి అన్నం తింటలేను. అవ్వను దించిన నాడు డప్పు ఆపి నేను కాళ్ల దిక్కు నిలబడ్డ. అవ్వ మొకం మీది బట్ట, నోటి కాడ... గాలికనుకున్న. కాని ఆ పొద్దు గాలి..."

"సాయిలూ."

సాయిలు ఆగాడు.

"ఎద్దు నీది. పోలీసు పటేలుతోని నేను మాట్లాడుత. అరక కట్టుకో. ఎవ్వడన్న కాళ్లిరగ్గొడితే నా దగ్గరికి రా. ఇగ నోరు తెరవకు."

"పటేలా, నేను..."

"తెరవకన్న."

వెనక్కి తిరిగి నడిచాడు. ఎద్దు పలుపు లాగిన చప్పుడు వినబడింది. ఆగలేదు.

డాక్టరు సైకిలు తోసుకుంటూ వెంటపడ్డాడు. మట్టికట్ట దాటాక అందుకున్నాడు. మనిషి ఆయాసపడుతున్నాడు.

"భూమయ్య. నాకు సమజైంది. నిలబడు. కామారెడ్డి స్టేషను కాడి డాక్టరు నాకు ఎరుకైనోడే. రేపు పోయి అడుగుత. ఎంత పోసిండో, ఏం కలిపిండో చెప్తడు. కొలత తెలిస్తే నేను చెప్పగలుగుత. చిన్న కొలతైతే ఆమె నిజంగనే పోయినట్టు. ఆ గడ్డకే పోయినట్టు. నీకు నిమ్మళమైతది."

"పెద్ద కొలతైతే?"

ఘనీ సాహెబు సైకిలు హ్యాండిలు మీద చేయి అటూ ఇటూ జరిపాడు.

"మీరు నా ఎద్దును చంపిన్రని అంగడిల అన్న. చంపలే. ఆ మాట వాపసు తీసుకుంటున్న," అన్నాడు భూమయ్య. "కాని చంపితేనే బాగుండు సాబ్. అది కొట్టంల చచ్చి ఉంటే నేను మిమ్మల్ని తిట్టుకుంట బతికేటోన్ని."

"తెలుసుకోకుంట ఎట్ల బతుకుతవు? రోజు ఆ బొంద పక్క నుంచే పొలానికి పోతవు గద."

"పోత. రేపు సుత పోత." భూమయ్య ఊరి వైపు చూశాడు. తన ఇంటి కప్పు మీదినుంచి పొగ లేస్తున్నది. నర్సవ్వ పొయ్యి రాజేసింది. "కామారెడ్డిల ఎవ్వన్నీ అడగకుండ్రి. ఆ పొద్దు మేమందరం పోయిందన్నం. అంటే పోయినట్టే. మీరడిగినా, ఆయన చెప్పినా, సాయిలు సచ్చేముందు నా కాళ్లు పట్టుకొని చెప్పినా నేను వినను. వదినె అడిగితే ఎద్దు సంగతి సుత చెప్ప. ఇయ్యాల మీతోని మాట్లాడిందే ఆఖరు. ఈ ముచ్చట నా నోట ఇంకోసారి రాదు."